దూది అడగడానికి వచ్చిన మనిషి

పండగలంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం లేదు. ఈ మాట చెబితే విన్నవాళ్లు కాసేపు నా మొహంలోకి చూసి, ఇంట్లో ఏదో పెద్ద కష్టం జరిగి ఉంటుందని జాలిపడేవారు. అలాంటిదేమీ లేదు. మాది ఆత్రేయపురం. మా అమ్మ పూతరేకులు చేస్తుంది. కారణం అంతే.

పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ తడిపి ఆ కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే రేకు వస్తుంది. మామూలు రోజుల్లో ఆ పని మధ్యాహ్నానికి ఆగుతుంది. పండగ దగ్గరికొస్తే ఆగదు. దసరాకీ, దీపావళికీ, పెళ్లిళ్ల రోజుల్లోనూ షాపులవాళ్లు గుమ్మంలో నిలబడి తొందరపెట్టేవారు. వీధిలో పిల్లలు మతాబులు కాలుస్తుంటే నేను అరుగు మీద కూర్చుని రేకులకి నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడతలు పెట్టేదాన్ని. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. నన్ను చదివించింది అమ్మ చేతులే. పండగనాడు సాయంత్రానికి ఆ చేతులకి కొబ్బరినూనె రాసుకుని, గోడకి చేరబడి, కూర్చున్నచోటే నిద్రపోయేది. మా ఇంట్లో పండగ వంటంటే చారూ అన్నమూ.

కొందరు తినడానికీ, ఆ తినేవాళ్ల కోసం మరికొందరు మాడిపోవడానికీ పెట్టుకున్న రోజు పండగని నాకు అప్పుడే ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, ఆసుపత్రి ఉద్యోగంలో చేరాక పండగ డ్యూటీలు అడిగి మరీ వేయించుకునేదాన్ని. తోటివాళ్లు నన్ను దేవతలా చూసేవారు. నాకు అందులో త్యాగం ఏమీ కనిపించేది కాదు. ఖాళీ ఆసుపత్రిలో మైక్రోస్కోపు ముందు కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉండేది.

అలాంటి నన్ను సముద్రం దగ్గరి ఊరికి బదిలీ చేశారు. అమలాపురం దాటి ఓడలరేవు వైపు వెళ్లే దారిలో ఉంటుంది ఆ ఊరు. సగం చేపలవేట, సగం కొబ్బరితోటలు, ప్రతి వీధిలోనూ గల్ఫు నుంచి వచ్చిన డబ్బుతో కట్టిన డాబాలు. వానాకాలం చివర్లో వెళ్లి చేరాను. అప్పటికి నాకు ముప్ఫై దాటింది. సంబంధాలు చూసి చూసి అమ్మ అలిసిపోయింది, నేను అంతకన్నా ముందే అలిసిపోయాను.

మేడ మీద గది అద్దెకిచ్చినావిడ మా ఆసుపత్రిలోనే నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఊరంతా ఆవిణ్ని సిస్టరమ్మగారంటారు. ఊళ్లో నడివయసువాళ్లలో సగంమంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే. భర్త లేరు, పిల్లలు కలగలేదు. తమ్ముడూ మరదలూ పోతే వాళ్ల కొడుకుని తనే పెంచి పెద్దచేసింది. ఆ కుర్రాడు దోహాలో ఏసీలు బాగుచేసే పనిలో ఉన్నాడనీ, త్వరలో వచ్చేస్తాడనీ చెప్పేది. నేను ఆ మాటలు పెద్దగా పట్టించుకోలేదు. చర్చిలో పాటలు పాడేవాళ్లందరికీ ఆవిడే పెద్ద. పొద్దున్న కాఫీ కలుపుతూ కూడా ఏదో ఒక కీర్తన అందుకునేది. గొంతు మాత్రం బాగుండేది.

డిసెంబరు వచ్చింది. ఆ ఊరి డిసెంబరు గురించి నాకెవరూ ముందుగా చెప్పలేదు.

మొదట చికెన్ కొట్టు ముందు వెదురుగడకి ఒక స్టారు కట్టారు. మర్నాటికి టీ బడ్డీ మీద ఇంకోటి వచ్చింది. ఆ వారం తిరిగేసరికి కాలవగట్టు పొడుగునా ప్రతి ఇంటి మీదా ఎర్రవీ పచ్చవీ కాగితం నక్షత్రాలు వెలిగాయి. హిందువుల ఇళ్లమీద కూడా వేలాడుతున్నాయి. అడిగితే, "వీధంతా వెలుగుతుంటే మా ఒక్క ఇల్లూ చీకటిగా ఉంటే ఏం బాగుంటుందండీ" అన్నారు. రేవులో పడవల కొయ్యలకీ స్టార్లు కట్టారు. టైలరు జనవరి దాకా కొత్త బట్ట ముట్టనన్నాడు. సాయంత్రమైతే పిల్లలూ పెద్దలూ డప్పులతో ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడేవారు, వాళ్ల ముందు పత్తి గడ్డం పెట్టుకున్న క్రిస్మస్ తాత గంతులేసేవాడు. మూడు చర్చిలు, మూడు మైకులు. పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్ ఒక చర్చిలో అయ్యేలోపు రెండో చర్చిలో మొదలయ్యేది.

ఆసుపత్రికి కూడా ఆ గాలి సోకింది. రక్తపరీక్ష రాసిచ్చినవాళ్లు ల్యాబుకి రావడం మానేశారు. ఒకావిణ్ని వీధిలో ఆపి అడిగితే, "క్రిస్మస్ అయ్యేక చేయించుకుంటానండి. ఇప్పుడు సుగరుందని తేలితే మా కోడలు కేకు తిననివ్వదండి" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ అదే తంతు అనుకున్నాను. ఎవరో వండాలి, ఎవరో తుడవాలి, ఎవరో అలిసిపోవాలి. పైగా చెవులు చిల్లులు పడే మైకులు ఇక్కడ అదనం.

అలాంటి ఒక పొద్దున్న అతను ల్యాబు గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, జుట్టులో వెదురు పొట్టు ఉంది.

"నమస్తే అండి. కొంచెం దూది కావాలండి."

"దెబ్బ ఎక్కడ తగిలింది?" అన్నాను తలెత్తకుండా.

"దెబ్బ కాదండి. పాకకండి."

"పాకేంటి?"

"పశువుల పాకండి. చర్చి ముందు కడతన్నామండి. బాలయేసు పడుకునే పాక. పైన మంచు వెయ్యాలి కదండీ. షాపుల్లో దూదంతా అయిపోయిందండి. మిగతా రెండు చర్చిలవాళ్లూ ముందే కొనేసేరు."

"ఇది గవర్నమెంటు దూదండీ. సూది గుచ్చినచోట పెట్టడానికి."

"ఆయ్."

ఆ ఒక్క మాట అని కదలకుండా నిలబడ్డాడు. నాకు ఇంకా కోపం వచ్చింది. "అయినా కోనసీమలో మంచేంటండీ? ఈ ఊళ్లో ఎవరన్నా ఎప్పుడన్నా మంచు చూసేరా?" అన్నాను.

అతను కిటికీ వైపు చూశాడు. "రోజూ చూస్తన్నాం కదండీ. తెల్లారగట్ల ఐసు ఫ్యాక్టరీకి వెళ్తుంటే ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు కనపడట్లేదండి. ఒళ్లంతా తడిసిపోతంది."

ఎక్కడో కొండలమీద కురిసేదీ, మా వరిచేలమీద తెల్లగా పరుచుకునేదీ మన భాషలో ఒకటే మాట. ముప్ఫై ఏళ్లు తెలుగు మాట్లాడి ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

"అది వేరు, ఇది వేరు" అన్నాను చివరికి.

"ఆయ్. మీరు చెప్పేరంటే వేరేనండి" అని నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. నవ్వుతూ వెళ్లాడో, బాధపడి వెళ్లాడో అర్థం కాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అదే మనిషి మా వసారాలో కూర్చుని వెదురుబద్దలు చీలుస్తున్నాడు. సిస్టరమ్మగారు లోపల్నుంచి వస్తూ, "వీడేనమ్మా నా మేనల్లుడు. పోయినవారం దిగేడు. ఇంక వెళ్లడంట. మన రేవులో ఐసు ఫ్యాక్టరీలో పని చూసుకున్నాడు, ఉండడం కూడా అక్కడే" అంది.

"పొద్దున్న చూశానండి. దూది అడగడానికి వచ్చేరు."

"ఇచ్చేవా?"

"లేదండి."

"మంచి పని చేసేవు. నేను డ్యూటీలో ఉన్నప్పుడూ ఏటా ఎవడో ఒకడు వచ్చేవాడు. ఒక్కడికీ ఇవ్వలేదు" అందావిడ గర్వంగా. అతను తల వంచుకుని వెదురు చీలుస్తూనే ఉన్నాడు. ఈసారి నవ్వుతున్నాడని మాత్రం స్పష్టంగా కనిపించింది.

ఆ ఆదివారం ఏదో పనిమీద అమలాపురం వెళ్లాను. బస్సెక్కే ముందు మందుల షాపు కనిపించింది. లోపలికి వెళ్లి పెద్ద దూది చుట్టలు కొన్నాను. ఎందుకు కొన్నానో దారి పొడుగునా నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది. గవర్నమెంటు సొమ్ము ఇవ్వలేకపోయాను కాబట్టి నా సొంతది ఇస్తున్నాను, అంతకుమించి ఏమీ లేదు. బస్సు కిటికీలోంచి గాలి కొడుతుంటే ఆ తేలికపాటి సంచీని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను.

సిస్టరమ్మగారి చేతికిచ్చి, "మీవాళ్లకివ్వండి" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, ఏమీ అడగకుండా తీసుకుంది. ఆవిడ ఏమీ అడక్కపోవడం ఎంత అరుదో నాకు అప్పటికే తెలుసు.

రెండురోజులకి అతను మళ్లీ ల్యాబుకి వచ్చాడు. ఈసారి చేతిలో పనిముట్ల సంచీ ఉంది. "మీ ఫ్రిజ్జు మోత పెడతందని అత్త చెప్పిందండి. చూడమంటారా?" అన్నాడు.

ఆ ఫ్రిజ్జు నిజంగానే ట్రాక్టరులా మోగేది. పరీక్షల కిట్లు పాడైపోతాయేమోనని నాకు రోజూ భయంగా ఉండేది. అతను దాన్ని గోడ దగ్గర్నుంచి జరిపి, వెనక కూర్చుని పని మొదలుపెట్టాడు. పరీక్షలకి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. నేను ఖాళీగా కూర్చుని, ఊరికే ఉండలేక అడిగాను.

"మీకు నిజంగా ఈ హడావుడంతా ఇష్టమేనా అండీ? లేకపోతే ఊరంతా చేస్తున్నారని చేస్తారా?"

ఫ్రిజ్జు వెనక స్క్రూ తిప్పుతున్న చప్పుడు ఆగింది. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"దోహాలో మేం ఉండే క్యాంపు గదిలో క్రైస్తవుణ్ని నేనొక్కణ్నేనండి. మిగతావాళ్లు హిందువులూ సాయిబులూ. వెళ్లిన మొదటేడాది క్రిస్మస్సు కూడా డ్యూటీయేనండి. రాజోలు వైపు ఆయన ఒకాయన ఉండేవారు, పెద్దాయన. ఆ సాయంత్రం ఆయన, ఇంటి దగ్గరైతే ఈపాటికి వీధంతా స్టార్లు వెలిగేవిరా అని ఏడ్చేసేరండి. ఆయన హిందువేనండి. ఏం చెయ్యాలో తెలియక, ఏసీ గొట్టాలకి చుట్టే వెండికాగితం ముక్కలుంటే తెచ్చి ఒక స్టారు చేసేనండి. పై మంచం కమ్మీకి కట్టేం. అందరం దాని కింద కూచుని పప్పన్నం తిన్నాం. అప్పటిదాకా నాకూ ఇది ఊరికే హడావుడేనండి. ఆరోజునుంచి కాదు."

అతను మళ్లీ పనిలో పడ్డాడు. నేను మాత్రం అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ గురించీ, బోర్లించిన కుండ గురించీ, మతాబుల వెలుగులో మడిచిన రేకుల గురించీ, గోడకి చేరబడ్డ నిద్ర గురించీ. ఎవరికీ అంత వివరంగా చెప్పి ఎరగను. ఎదుటి మనిషి ఫ్రిజ్జు చాటున ఉండి మొహం కనిపించకపోవడం వల్లనేమో, మాటలు సులువుగా వచ్చాయి.

అంతా విని అతను ఒకే ప్రశ్న వేశాడు. "మీ అమ్మగార్ని పండక్కి ఎవరన్నా భోజనానికి పిలిచేరాండీ ఎప్పుడన్నా?"

ఆలోచించాను. ఎవరు పిలుస్తారు? పండగనాడు అమ్మకి తీరిక ఉండదని ఊరందరికీ తెలుసు. పిలిస్తే రాదని పిలవడం మానేశారు. చిన్నతనంనుంచి నేను పండగల మీద పెంచుకున్న కోపమంతటిలో ఈ ఒక్క సంగతి నాకు తట్టనేలేదు.

ఫ్రిజ్జు మోత ఆగిపోయింది. పనిముట్లు సర్దుకుని వెళ్లాడు.

ఆ సాయంత్రం సిస్టరమ్మగారు మేడ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ మెట్లెక్కడం అదే మొదటిసారి. "మీ అమ్మగారికి ఫోన్ చేసి ఇలా ఇయ్యమ్మా" అంది. చేసి ఇచ్చాను. అవతల అమ్మ ఏమంటోందో నాకు వినపడలేదు. ఈవిడ మాటలు మాత్రం వీధి చివరిదాకా వినపడి ఉంటాయి.

"ఆయ్, నమస్తే అండి... మీ అమ్మాయి బంగారంలా ఉందండి... క్రిస్మస్సుకి మీరు మా ఇంటికి రావాలండి... ఆర్డర్లు ఎప్పుడూ ఉంటాయి కదండీ... లేదండి, నేనేమీ వినను... మీరు రాకపోతే నేనే బస్సెక్కి వస్తాను, నా మోకాళ్ల సంగతి మీ అమ్మాయినడగండి..."

అమ్మ వచ్చింది. క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం అమలాపురం బస్టాండులో నేను ఎదురెళ్లాను. మంచి చీర కట్టుకుని, చంకలో పూతరేకుల డబ్బా పెట్టుకుని దిగింది. "ఊరికే వస్తే ఏం బాగుంటుందే" అంది. ఇంటికెళ్లాక సిస్టరమ్మగారు ఆ డబ్బా అందుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఇది మేం తరవాత తింటామండి. రేపు మాత్రం మీ చేతి పని ఏదీ నా ఇంట్లో కనపడకూడదు" అంది. అమ్మ నావైపు చూసింది, ఈవిడకి కొంచెం తేడాగా ఉందా అన్నట్టు.

మర్నాడు పొద్దున్న మంచు దట్టంగా పట్టింది. మేడమీద నుంచి చూస్తే కాలవ లేదు, తోటలు లేవు. ఆ తెల్లదనంలో అక్కడక్కడ ఎర్రగా పచ్చగా మసకమసకగా స్టార్లు మాత్రం వెలుగుతున్నాయి. కొత్తబట్టలు కట్టుకున్న జనం చర్చి వైపు వెళ్తుంటే చీరలు కనపడటంలేదుగానీ గాజుల చప్పుడూ మాటలూ వినిపిస్తున్నాయి. మైకులో సిస్టరమ్మగారి గొంతు అందుకుంది. అమ్మా నేనూ పిట్టగోడ దగ్గర నిలబడి విన్నాం. "గొంతు బాగుందే ఆవిడది" అంది అమ్మ.

భోజనాల వేళకి కిందికి దిగాం. వసారాలో చాపలు పరిచి విస్తళ్లు వేశారు. చర్చినుంచి వచ్చిన చుట్టాలు కొందరున్నారు. అమ్మ అలవాటు ప్రకారం కొంగు బిగించి సరాసరి వంటింట్లోకి నడిచింది. గారెలు వేస్తున్న సిస్టరమ్మగారు గరిటె చేత్తో పట్టుకునే ఎదురొచ్చింది.

"ఎక్కడికండీ?"

"రెండు గారెలు నేను వేస్తానండి. మీరొక్కరే చేస్తన్నారు కదండీ."

"ఇది మీ పండగ కాదు కదండీ. మీకు ఇక్కడ పనేముంటుంది? వెళ్లి కూచోండి."

అమ్మ వెనక్కొచ్చి కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది, తీసి చాప మీద పెట్టింది, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

వడ్డన అతనిది. గారెలూ, నాటుకోడి కూరా, పులిహోరా, గుత్తివంకాయా. ఒక్కో విస్తరి దగ్గరా ఆగి, ఆ మనిషికి ఏం కావాలో అడిగి వేస్తున్నాడు. అమ్మ దగ్గరికొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని గారె వేశాడు.

"చాలు బాబూ."

"ఇంకొక్కటండి. చల్లారిపోతే బాగోవండి."

"అయ్యో, చాలయ్యా."

"మీరు తింటుంటే అత్త లోపల్నుంచి చూస్తందండి. వెయ్యకపోతే నన్ను తిడుతుంది."

అమ్మ నవ్వింది. వేయించుకుంది. కూరలో అద్దుకుని, నెమ్మదిగా, కబుర్లు చెబుతూ తిన్నది. మా ఇంట్లో అమ్మ ఎప్పుడూ చివర్లో, నిలబడో, గుమ్మంలో కూర్చునో, ఎవరన్నా పిలుస్తారేమోనని ఒక చెవి వీధి వైపు వేసి తినేది. ఆమె మారు అడగడం నా జీవితంలో మొదటిసారి ఆరోజు విన్నాను. "ఆ వంకాయ కొంచెం వెయ్యి బాబూ" అంది. అతను గిన్నె తేవడానికి లోపలికి ఎంత వేగంగా వెళ్లాడో చూసినప్పుడే నా పని అయిపోయింది. దానికి ఇంతకన్నా అందమైన మాట ఏదైనా ఉందేమో, నాకు తెలియదు.

భోజనమయ్యాక అమ్మ వసారాలోనే చాప మీద వాలింది. కాసేపటికి కాళ్లు బారజాపి, ఒక పక్కకి తిరిగి, హాయిగా నిద్రపోయింది. చుట్టూ పిల్లల అల్లరి, ఎదురింట్లో మైకు. ఆమెకి ఏదీ వినపడలేదు. సిస్టరమ్మగారు వచ్చి తలకింద దిండు సర్ది వెళ్లింది.

నేను పెరట్లోకి వెళ్లాను. అతను బోరింగు దగ్గర గిన్నెలు తోముతున్నాడు. చర్చినుంచి వచ్చిన మగవాళ్లు ఇద్దరు పక్కన కూర్చుని కడిగి బోర్లిస్తున్నారు. ఆ ఇంట్లో పండగనాడు అంట్లు మగవాళ్ల వంతట. సిస్టరమ్మగారు ఎప్పుడో పెట్టిన నియమం. ఎవరో అలిసిపోకుండా పండగ జరగదని నేను ఇన్నాళ్లూ నమ్మాను. ఆ అలసటని కూడా పంచుకోవచ్చని ఇక్కడ ఎవరూ నాకు చెప్పలేదు, చేసి చూపించారు.

"అమ్మ నిద్రపోయింది" అన్నాను.

"ఆయ్. పడుకోనివ్వండి. సాయంత్రం టీకి లేపుదాం" అన్నాడు.

అమ్మ మర్నాడు ఊరెళ్లిపోయింది. ఆ తర్వాతి రోజుల్లో అతను ఏదో ఒక వంకతో రోజూ కనపడేవాడు. ఒకసారి ఐసు ఫ్యాక్టరీ చూపిస్తానని తీసుకెళ్లాడు. చేపల మీద వెయ్యడానికి మర ఆడించిన ఐసు పొడి కుప్పలుగా పడి ఉంది. "ఇదైనా మంచేనా అండీ, మీ లెక్కలో?" అని అడిగాడు. గుప్పెడు తీసి చూస్తే చేపల వాసన. ఇద్దరం నవ్వుకుంటూ బయటికొచ్చాం. పొద్దువాలుతోంది. పడవల మీద స్టార్లు అప్పుడే వెలిగిస్తున్నారు.

రేవు దగ్గర అతను ఆగి, నీళ్ల వైపు చూస్తూ అన్నాడు. "ఈ స్టార్లు కొత్త సంవత్సరం దాకా ఉంటాయండి. తరవాత దింపేస్తామండి."

"ఊ."

"దింపేసేక కూడా మీతో మాటాడొచ్చాండి?"

"ఆయ్" అన్నాను. మావైపు ఆ ఒక్క మాటతో ఎంతెంత సంగతులైనా ఒప్పేసుకోవచ్చు. అతనికి అర్థమైంది.

స్టార్లు దింపేశారు. మేం మాట్లాడుకుంటూనే ఉన్నాం. వేసవి వచ్చేసరికి ఈ సంగతి దాచవలసిన అవసరం లేదనిపించి అమ్మకి చెప్పాను. "మంచివాడే. అది నాకు తెలుసు. కానీ రేపు నువ్వు ఎవరి పండగలు చేస్తావే?" అంది.

"ఇప్పటిదాకా ఎవరివి చేశానమ్మా?" అన్నాను.

అమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆరోజు సరేనని అనలేదు. వర్షాలు పడేదాకా అనలేదు. నేనూ తొందరపెట్టలేదు. ఈలోగా సిస్టరమ్మగారు తన మోకాళ్లతో అన్నంతపనీ చేసి, రావులపాలెంలో బస్సు మారి ఆత్రేయపురం వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకు ఇప్పటికీ చెప్పరు. తిరిగొచ్చాక ఆవిడ అంది, "మీ అమ్మ ఒప్పుకుంది. నువ్వు మతం మారక్కర్లేదని నేను ఒప్పుకున్నాను. ఇంకెవరూ ఒప్పుకోనక్కర్లేదు."

ఆ రెండో మాట అనడం ఆవిడకి అంత సులువు కాదని నాకు తెలుసు. మేనల్లుడి పెళ్లికి చర్చిలో పాడాలని ఆవిడ ఏళ్లుగా అనుకుంటోంది. మా పెళ్లి చర్చిలో కుదరలేదు, రిజిస్ట్రారు ఆఫీసులో అయింది. సంతకాలయ్యాక బయట వేపచెట్టు కింద నిలబడి ఆవిడ తన పాట తాను పాడింది. పనుల మీద వచ్చినవాళ్లు కూడా ఆగి విన్నారు. అమ్మ పక్కనే నిలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

అందరూ రాలేదు. కొత్తపేటలో ఉండే మా మేనమామ రానని ముందే చెప్పాడు. నాన్న పోయాక మాకు దిక్కుగా నిలబడ్డ మనిషి ఆయన. "నా గుమ్మం తొక్కొద్దు" అని అమ్మతో అన్నాడు. నాకు ఆ బాధ ఇప్పటికీ ఉంది. దాన్ని దాచి ఈ కథ చెప్పలేను.

ఇవన్నీ జరిగి కొన్నేళ్లయింది. నేనింకా అదే ల్యాబులో ఉన్నాను. ఆయన ఐసు ఫ్యాక్టరీ పని చేసుకుంటూనే అమలాపురంలో ఒక రిపేరు షాపు పెట్టుకున్నారు. మైకుల మోతకి నాకు ఇప్పటికీ తలనొప్పే. ఏటా డిసెంబరులో దానిమీద సిస్టరమ్మగారితో ఒక పోట్లాట తప్పదు. ఆవిణ్ని నేను అత్తయ్యా అని పిలిచేది ఆ పోట్లాటల్లోనే. అమ్మ క్రిస్మస్ ఆర్డర్లు ముందువారంలోనే ముగించుకుని, బస్సెక్కి వస్తుంది. అమ్మ రాకముందే తను పడుకునే చాప మేం ఎండలో వేసి ఉంచుతాం. పాక కట్టే పనిలో నేనూ చెయ్యి వేస్తాను. దేవుడి సంగతి నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నన్నెవరూ గట్టిగా అడగలేదు కూడా. ఆ అడక్కపోవడానికి ఈ ఊరికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

పోయిన క్రిస్మస్ ముందురోజు ఒక ఆటో మా గుమ్మంలో ఆగింది. డ్రైవరు ఒక గోనెసంచీ దింపి, "కొత్తపేట నుంచండి. ఇమ్మన్నారండి" అన్నాడు. విప్పితే నిండా ఒలిచిన కొబ్బరికాయలు. ఎవరు పంపారో చెప్పలేదు. అమ్మ ఒక కాయ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. పిలక దగ్గర పీచు పొడుగ్గా వదిలి ఒలవడం మా మేనమామ పద్ధతి. "వాడి తోటలోవే" అంది.

ఫోను రాలేదు, కబురు రాలేదు. ఆయన మనసు మారుతోందని మావారి నమ్మకం. మారిపోయిందని అత్తయ్య అంటుంది. నాకైతే తెలియదు. ఆ మధ్యాహ్నం నలుగురం వసారాలో కూర్చుని కాయలు కొట్టుకుని, ముక్కలు బెల్లంతో నంజుకుని తిన్నాం. లేతగా, తియ్యగా, ఎంతో బాగున్నాయి.